దుప్పటి నిలబెట్టిన కోట: ఆరు వారాల కేస్ స్టడీ

నన్ను పిలిపించింది కోట కట్టించడానికి కాదు. అయిదేళ్ల బాబు బడి నుంచి రాగానే సోఫా వెనక సందులో దూరి ఏడుస్తాడు. పిలిస్తే ఇంకాస్త లోపలికి జరుగుతాడు, అరగంట దాకా బయటికి రాడు. పెన్సిల్ పట్టు కూడా గట్టిగా లేదని బడిలో చెప్పారట. నేను పిల్లలతో పనిచేసే ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే రోజువారీ పనులు వాళ్లంతట వాళ్లు చేసుకునేలా సాయపడతాను. పిల్లాడు ఉండే ఇంట్లో, వాడు కూర్చునే చోట వాణ్ణి చూస్తే తప్ప నాకు సగం సంగతులు తెలియవు. అందుకే మొదటి సెషన్ ఎప్పుడూ ఇంటి దగ్గరే పెడతాను.

వెళ్లగానే ఆ సందు చూశాను. ముప్పై అయిదు సెంటీమీటర్ల వెడల్పు. మూడు వైపులా అడ్డు, పైన సోఫా వీపు వాలు, నాలుగో వైపు నుంచి వీధి తలుపు కనిపిస్తుంది. నేనూ మోకాళ్ల మీద వంగి తల లోపలికి పెట్టి చూశాను. గదిలో మాటలు మెత్తబడ్డాయి, వెలుతురు తగ్గింది, ఎవరు వస్తున్నారో మాత్రం స్పష్టంగా కనబడుతోంది. తాను కనపడకుండా బయటివాళ్లని చూడగలిగే చోటు మనిషికి నెమ్మదినిస్తుందని 1975లో జే ఆపిల్టన్ అనే బ్రిటిష్ భూగోళ శాస్త్రవేత్త రాశారు. ఆయన రాసింది ప్రకృతి దృశ్యాల గురించి. ఈ అయిదేళ్లవాడు మాత్రం తన పాటికి తాను సోఫా వెనక అలాంటి చోటే వెతుక్కున్నాడు. దాన్ని తీసేయడం నా పని కాదు, అంతకంటే మంచిది ఇవ్వాలి అనుకున్నాను.

అప్పుడే అటక మీద ఒక పెట్టె కనిపించింది. బంతులూ పుల్లలూ కలిపి చట్రం కట్టి, పైన దుప్పటి కప్పి లోపల ఆడుకునే కోట కిట్. 25 బంతులు, ఒక్కో దానికీ చుట్టూ రంధ్రాలు. 50 ప్లాస్టిక్ పుల్లలు, అన్నీ ఒకే పొడవు. పుల్లని రెండు బంతుల్లో దూర్చాక ఒక బంతి మధ్య నుంచి ఇంకో బంతి మధ్యకు కొలిస్తే 40 సెంటీమీటర్లు.

"రెండుసార్లు కట్టామండీ, రెండుసార్లూ దుప్పటి వేయగానే కూలిపోయింది. వీళ్లకి ఇంకా ఆ వయసు రాలేదులెండి" అన్నారు తండ్రి.

"నాన్నే కట్టారు, మేం కట్టలేదు" అంది ఎనిమిదేళ్ల అక్క.

నా ప్రణాళిక ఆ రెండో మాట చుట్టూనే అల్లుకుంది. ఆరు వారాలు, వారానికి ఒక సెషన్, ఒక్కోటీ ముప్పావు గంట. మధ్యలో పిల్లలు ఎప్పుడు కావాలంటే అప్పుడు కట్టుకోవచ్చు. పెట్టుకున్న లక్ష్యాలు మూడు: బాబుకి సొంతంగా ఒక నక్కే చోటు, రెండు చేతులూ కలిసి పనిచేయడం, అక్కాతమ్ముళ్లు ఒకే పని మీద గొడవ లేకుండా పది నిమిషాలు ఉండటం. కట్టే పనిలో పెద్దవాళ్ల చేయి పడకూడదన్నది షరతు. ఈ కేసులో అన్నిటికంటే కష్టమైనది ఆ షరతే.

మొదటి వారం: చేతులు చూడటం

పుల్లని బంతిలో దూర్చడం చూడ్డానికి చిన్న పని. అయిదేళ్లవాడికి అది పెద్దది. ఒక చెయ్యి బంతిని కదలకుండా పట్టాలి, రెండో చెయ్యి పుల్లని కొద్దిగా తిప్పుతూ నెట్టాలి. నెట్టే చేతి కంటే పట్టే చెయ్యే ముఖ్యం. రాసేటప్పుడు కాగితం కదలకుండా ఆపేదీ, కత్తెరతో కోసేటప్పుడు కాగితం తిప్పేదీ ఆ చెయ్యే. బాబు బంతిని పొట్టకి అదిమిపెట్టి, రెండు చేతులతోనూ పుల్లని పట్టుకుని తోశాడు. అంటే ఎడమ చేతి పని పొట్ట చేస్తోంది. రాసుకున్నాను, ఏమీ అనలేదు. పదో పుల్లకి అలిసిపోయి పుల్లని కత్తిలా తిప్పడం మొదలుపెట్టాడు.

అక్కడికక్కడే ఒక నియమం పెట్టాం: బంతి లేని పుల్లతో నడవకూడదు. పుల్ల మొన కంటికి తగిలితే జరిగేది చిన్న దెబ్బ కాదు, చివర బంతి ఉంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. "చేతిలో పుల్ల ఉంటే టోపీ పెట్టాలి" అని అక్క దాన్ని తన మాటల్లోకి మార్చుకుంది. ఆరు వారాలూ ఆ మాటే నడిచింది.

మూడేళ్ల లోపు పిల్లలు ఆ ఇంట్లో లేరని ముందే అడిగి తెలుసుకున్నాను. బొమ్మల భద్రతా ప్రమాణాల్లో 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. అందులో పూర్తిగా ఇమిడిపోయే ఏ ముక్కనైనా ఆ వయసు పిల్లల గొంతుకి అడ్డం పడగల వస్తువుగా లెక్కిస్తారు. కిట్ బంతి సంగతి సరే, మనం దుప్పటికి పెట్టే క్లిప్పు విరిగితే వచ్చే ముక్కల్ని కూడా ఆ గొట్టంతోనే ఊహించుకోవాలి.

రెండో వారం: ముందు మనిషి, తర్వాత కోట

పెట్టె మీద బొమ్మలో పెద్ద గుండ్రటి గుడారం ఉంది. తండ్రి రెండుసార్లూ దాన్నే కట్టబోయారు. నేను పెట్టె మూత తీసి పక్క గదిలో పెట్టించాను. పూర్తయిన బొమ్మ కళ్ల ముందుంటే పిల్లలు తమ చేతిలో ఉన్నదాన్ని చూడరు, దానికీ బొమ్మకీ ఉన్న తేడానే చూస్తారు.

దాని బదులు ఇద్దర్నీ గోడకి ఆనించి బాసింపట్టు వేసి కూర్చోబెట్టాను. తల మీద పుస్తకం పెట్టి గోడ మీద పెన్సిల్ గీత. తమ్ముడు 61 సెంటీమీటర్లు, అక్క 69. తర్వాత ఒక పుల్లని, రెండు చివర్లా బంతులతో, గోడకి నిలబెట్టమన్నాను. గీత దాకా రాలేదు. రెండు పుల్లలు ఒకదాని మీద ఒకటి పెడితే దాటిపోయింది.

"ఒక పుల్ల ఇల్లయితే తల తగులుతుంది. రెండు పుల్లల ఇల్లయితే అక్క కూడా పడుతుంది" అన్నాడు బాబు. అప్పటిదాకా ఆ ఇంట్లో నాతో వాడు మాట్లాడిన అతి పెద్ద వాక్యం అదే.

కోట కొలత లోపల కూర్చునే మనిషి నుంచి రావాలన్నది నా గట్టి నమ్మకం. పిల్లలకి మీటర్లూ సెంటీమీటర్లూ అక్కర్లేదు, పుల్లే వాళ్ల గజం బద్ద.

ఆ రోజే ఒక పుల్ల ఇల్లు కట్టారు: 12 పుల్లలు, 8 బంతులు, బొమ్మలకి సరిపోయే ఘనం. పాత దుప్పటి తెచ్చి పైన పరిచారు. ఒక పక్కకి ఎక్కువ జారింది, ఘనం ఒరిగి, చదరం కాస్తా వాలు పలకలా మారి నేల మీద పడిపోయింది. తండ్రి కుర్చీలోంచి సగం లేచారు. ఆయన కోసమే ఒక పని సిద్ధంగా ఉంచాను, నోటుపుస్తకం ఇచ్చాను. "మొదట ఏ బంతి ఊడిందో రాయండి. అది మీరు తప్ప ఎవరూ చూడలేరు, వాళ్లు కట్టే పనిలో ఉంటారు కదా." ఆయన కూర్చుని రాశారు. చేతులకి పని దొరికితేనే చేతులు ఆగుతాయి.

మూడుసార్లు పడింది. మూడుసార్లూ రాసింది ఒకటే: దుప్పటి ఎక్కువ వేలాడిన వైపు పైమూల. ఆ జాబితా చదివి వినిపించినప్పుడు అక్క "దుప్పటే లాగేస్తోంది నాన్నా" అంది.

ఇక్కడ కాస్త ఆగి కారణం చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్లల్లో ఈ కిట్ అటకెక్కేది దీని వల్లే. మూడు పుల్లల త్రిభుజాన్ని మూలల దగ్గర ఎంత వదులుగా కలిపినా ఆకారం మారదు. నాలుగు పుల్లల చదరం మాత్రం ఒక పక్కకి నెడితే వాలిపోతుంది. మూలలు తిరిగే చట్రం బిగువుగా నిలవాలంటే కనీసం ఎన్ని పుల్లలు కావాలో 1864లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ అనే భౌతిక శాస్త్రవేత్త లెక్క కట్టారు: కీళ్ల (ఇక్కడ బంతుల) సంఖ్యని మూడుతో గుణించి ఆరు తీసేయాలి. ఘనానికి 8 కీళ్లు, అంటే 18 పుల్లలు కావాలి. ఉన్నవి 12. తక్కువైన ఆరూ ఆరు ముఖాలకి ఒక్కో కర్ణం, అంటే మూల నుంచి ఎదురు మూలకి వేసే పుల్ల. కొత్తలో బంతి రంధ్రం పుల్లని గట్టిగా పట్టి ఉంచుతుంది కాబట్టి లోటు తెలియదు. పదిసార్లు తీసి పెట్టాక రంధ్రం వదులవుతుంది, లోటు బయటపడుతుంది.

మరి కర్ణంగా పుల్ల పెట్టొచ్చుగా అంటే, పుల్లలన్నీ ఒకే పొడవు. 40 సెంటీమీటర్ల చదరానికి కర్ణం దాదాపు 56.6. ఏ పుల్లా అందదు. 1914లో వచ్చిన టింకర్‌టాయ్ అనే పుల్లల బొమ్మ సెట్‌లో పుల్లల పొడవులు మెట్లుమెట్లుగా ఉండేవి, ఒక పుల్లతో కట్టిన చదరానికి తర్వాతి పొడవు పుల్ల సరిగ్గా కర్ణమయ్యేది. ఒకే పొడవు పుల్లలున్న కిట్లలో ఆ వసతి లేదు. పిల్లలకి ఈ లెక్కలేవీ చెప్పలేదు, తండ్రికి చెప్పాను. ఆయన చాలాసేపు నోటుపుస్తకంలో చదరాలు గీసుకున్నారు. "అయితే తప్పు వీళ్లది కాదన్నమాట" అన్నారు. ఆ సాయంత్రం నాకు దక్కిన పెద్ద ఫలితం అదే.

మూడు, నాలుగు వారాలు

రెండు పుల్లల ఇల్లు: 80 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు. పన్నెండు అంచులకీ రెండేసి చొప్పున 24 పుల్లలు, మూలలకి 8, అంచుల మధ్యల్లో 12, మొత్తం 20 బంతులు. చట్రం నిలబడింది కానీ అంచు మధ్యలో ఉన్న బంతి దగ్గర ప్రతి పుల్లా మోకాలిలా వంగుతోంది.

ఆ సమస్యని నేను నోటితో చెప్పలేదు. పిల్లలకి సాయం చేసేటప్పుడు నేను పాటించే పద్ధతి ఒకటుంది. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అనే ముగ్గురు పరిశోధకులు మూడు నుంచి అయిదేళ్ల పిల్లల చేత 21 చెక్కముక్కలతో పిరమిడ్ కట్టిస్తూ, పక్కనుండి నేర్పే పెద్దమనిషి సాయం ఎలా నడుస్తుందో గమనించారు. చదువు విషయంలో 'పరంజా' అన్న పోలిక అక్కణ్నుంచే వాడుకలోకి వచ్చింది. తర్వాత వుడ్ పనిలో అది ఒక మెట్ల వరసగా తేలింది: ఊరికే ఒక మాట, కాస్త కచ్చితమైన మాట, వస్తువుని చూపడం, అమర్చి ఇవ్వడం, చివరికి చేసి చూపడం. పిల్లాడు తడబడితే ఒక మెట్టు సాయం పెంచాలి, చేయగలిగితే వెంటనే ఒక మెట్టు తగ్గించాలి. రెండో సగాన్నే మనం మర్చిపోతాం. గోడ లేచాక కూడా పరంజా అలాగే ఉంచేస్తాం.

కాబట్టి మొదటి మెట్టు: "ఎక్కడ వంగుతోంది?" బాబు వేలితో బంతుల్ని ముట్టుకుంటూ చెప్పాడు. రెండో మెట్టు: "ఎదురుగా ఉన్న బంతి కూడా వంగుతోందా?" అక్క కళ్లు అటూ ఇటూ తిరిగాయి. వెనక గోడ మధ్యలో ఒక బంతి పెట్టి నాలుగు పుల్లలతో ప్లస్ గుర్తులా కలిపింది. ఎదురెదురు బంతులు ఒకదాన్నొకటి నెట్టుకుని నిలిచాయి. వెనక గోడకి, రెండు పక్క గోడలకి, కప్పుకి ఒక్కో ప్లస్: 4 బంతులు, 16 పుల్లలు. గుమ్మం ముందు నేల మీదున్న రెండు పుల్లల్నీ వాటి మధ్య బంతినీ కాలికి తట్టుకోకుండా తీయించాను. మిగిలిన ఇల్లు 23 బంతులు, 38 పుల్లలు.

ఇక దుప్పటి. ఇదివరకటిలా ఒకే పెద్ద దుప్పటిని పైనుంచి పరిస్తే మళ్లీ అదే గతి. నేను పాత పలచటి పక్కదుప్పటిని కత్తిరించి, అంచులు మడిచి కుట్టించి, ఒక్కోటి 90 సెంటీమీటర్లు ఉండేలా నాలుగు చదరపు ముక్కలు తీసుకెళ్లాను. కప్పుకొకటి, గోడలకి మూడు. బట్టలారేసే క్లిప్పులు ఒక బుట్టెడు.

"ముందు ఈ మూల, తర్వాత దానికి ఎదురు మూల" అని మాత్రం చెప్పాను. గుడ్డని కర్ణం వెంట బిగించి లాగి క్లిప్పు పెట్టాలి, తర్వాత రెండో కర్ణం, ఆ తర్వాతే అంచుల మధ్యలు. గోడకి ఎనిమిది క్లిప్పులు. లాగడం అక్క పని, క్లిప్పు నొక్కడం తమ్ముడి పని. క్లిప్పు నొక్కడానికి బొటనవేలూ చూపుడువేలూ మధ్యవేలూ కలిసి రావాలి, పెన్సిల్ పట్టుకి కావలసిన వేళ్లు అవే. నేను ఆ పని వాడికి ఇచ్చింది అందుకే. వాడికి మాత్రం ఆ కారణం తెలియనక్కర్లేదు, ఇల్లు నిలబడటమే వాడికి కారణం.

వెనక గోడ పూర్తయ్యాక ఇంటిని పక్కకి నెట్టి చూడమన్నాను. అక్క మెల్లగా నెట్టింది. కదల్లేదు. గట్టిగా నెట్టింది. గుడ్డ ఒక కర్ణం వెంట బిగుసుకుని ఆపేసింది. ఇటు నుంచి నెడితే రెండో కర్ణం ఆపింది. పుల్లలకి అందని కర్ణం గుడ్డకి అందింది. మొన్నటిదాకా కోటని కూల్చిన దుప్పటే ఇప్పుడు కోటని పట్టి నిలబెట్టింది.

అక్క ఆ బిగుతు గుడ్డ మీద వేలితో మూల నుంచి మూలకి గీత గీసి, "ఇక్కడ పుల్ల ఉన్నట్టే ఉంది, కానీ లేదు" అంది. ఆ మాట నా కేస్ ఫైల్లో అలాగే రాసుకున్నాను. ఇన్నేళ్ల పనిలో ఇంత శుభ్రమైన వివరణ పెద్దవాళ్ల దగ్గర కూడా వినలేదు.

ముందు వైపు గుమ్మం తెరిచే ఉంది, కింద నేల చట్రానికి ముందు అంచూ లేదు. అయినా నిలబడటానికి కారణం, మూడు గోడలూ కప్పూ బిగుతుగా ఉండటం. కప్పు ఊగకుండా మూడు గోడలూ పట్టుకుంటాయి. గుమ్మం పక్క నిలువు పుల్లలు మాత్రం మధ్య బంతి దగ్గర పక్కకి వంగే లోపం చివరిదాకా పోలేదు. లోపలికి దూరేటప్పుడు వాటిని పట్టుకుంటే ఊడతాయి. దానికి నా దగ్గర పుల్లలతో జవాబు దొరకలేదు, "గుమ్మాన్ని పట్టుకోవద్దు, నేలని పట్టుకో" అన్న నియమంతో సరిపెట్టాను.

మిగతా జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను. ప్లాస్టిక్ షీటు కప్పుగా ఎప్పటికీ వద్దు. తాళ్లు వద్దు, మెడకి చుట్టుకోవచ్చు. గుడ్డ కింద వేడెక్కే బల్బు పెట్టకూడదు, చిన్న ఎల్ఈడీ టార్చి చాలు, దానిలో బటన్ బ్యాటరీ ఉంటే మూత స్క్రూతో బిగించి ఉండాలి. కప్పు మీద దిండ్లూ పుస్తకాలూ పెట్టకూడదు. బరువైన దుప్పటి లోపల పరుచుకోవడానికే. కోటని బీరువాకో షెల్ఫుకో కట్టకూడదు, కోట పడితే ఏమీ కాదు కానీ అది లాగిన షెల్ఫు పడితే ప్రమాదం. ఒక గోడ వైపైనా గాలి ఆడాలి, ఇక్కడ గుమ్మం ఆ పని చేసింది.

అయిదో వారం

కోట సోఫా పక్కనే, వీధి తలుపు కనిపించేలా పెట్టాం. చోటు ఎంచింది బాబే. తల్లితో ఒక ఒప్పందం చేసుకున్నాను: బడి నుంచి వచ్చి లోపలికి వెళితే పావుగంట దాకా ఎవరూ పిలవకూడదు, ఏమైందని అడగకూడదు, తొంగి చూడకూడదు. ఆవిడకి అది బాధగా అనిపించింది. "వాడు ఏడుస్తుంటే నేను బయట కూర్చోవాలా?" అన్నారు. దగ్గర్లోనే కూర్చోండి, వాడికి మీ పాదాలు కనబడేలా కూర్చోండి, మాట మాత్రం వాడి వైపు నుంచి రానివ్వండి అన్నాను. మూడో రోజు లోపల్నుంచి ఒక చెయ్యి వచ్చి ఆవిడ కాలివేలు పట్టుకుందట. ఫోన్లో చెబుతూ ఆవిడ గొంతు వణికింది.

కేలెండర్ మీద ఆవిడ వేసిన గుర్తుల ప్రకారం మొదటి వారం అయిదు బడి రోజుల్లో అయిదూ ఏడుపే. ఆరో వారం రెండు. దీన్ని కోట ఒక్కదాని ఖాతాలో నేను వేయను. పిలవడం ఆపేశారు, అక్క గొడవ తగ్గింది, బడిలోనూ ఆ నెలలో ఏదైనా మారి ఉండవచ్చు. సోఫా సందులోకి మాత్రం అయిదో వారం నుంచి వెళ్లలేదు. పుల్ల దూర్చేటప్పుడు బంతి పొట్ట మీద నుంచి ఎడమ అరచేతిలోకి నాలుగో వారంలోనే వచ్చేసింది. పెన్సిల్ పట్టులో ఆరు వారాల్లో నాకు చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. వేళ్ల బలానికి ఇంకా సమయం పడుతుంది, అది వేరే ప్రణాళికగా కొనసాగుతోంది.

అక్కాతమ్ముళ్ల లక్ష్యం సగమే నెరవేరింది. కట్టేటప్పుడు పది నిమిషాలేమిటి, అరగంట గొడవ లేకుండా ఉన్నారు. పనులు పంచుకోవడమే దానికి కారణం: లాగేది ఒకరు, నొక్కేది ఒకరు, ఒకరు లేకపోతే ఇంకొకరికి సాగదు. విప్పేటప్పుడు మాత్రం ప్రతిసారీ పోట్లాటే. కట్టినవాళ్లకి విప్పడం ఎందుకంత కష్టంగా ఉంటుందో నాకు అర్థమవుతుంది, అందుకే వారమంతా విప్పకుండా ఉంచమని తల్లిదండ్రుల్ని అడిగాను. చీపురు తిరగడానికి చోటు లేకపోయినా వాళ్లు ఒప్పుకున్నారు.

ఆరో వారం

నేను వెళ్లేసరికి ఇంట్లో ఒక వివాదం నడుస్తోంది. లోపల ఇద్దరు కూర్చుంటే మోకాలికి మోకాలు తగులుతోంది, బాబు ఎలుగుబంటి బొమ్మకి చోటు లేదు. దానికి పక్కన ఒక గది కావాలి. తండ్రి లెక్క చూశారు: పక్క గోడకి ఆనించి ఒక పుల్ల గది కట్టాలన్నా కొత్తగా నాలుగు బంతులు కావాలి. మిగిలినవి రెండు. పుల్లలు మాత్రం పన్నెండున్నాయి.

"ఇంకో పెట్టె కొందాంలే" అని ఆయన నోటి దాకా వచ్చింది. నా వైపు చూసి ఆగిపోయారు. ఆరు వారాల కిందటి మనిషి అయితే ఆగేవారు కాదు.

అక్క రెండు బంతులూ ఒడిలో పెట్టుకుని చాలాసేపు గోడ వైపు చూసింది. ఒక బంతిని నేల మీద పెట్టి, గోడ అడుగున పక్కపక్కనున్న రెండు బంతులకీ రెండు పుల్లలతో కలిపింది. నేల మీద త్రిభుజం వచ్చింది. రెండో బంతిని దానిపైన ఒక పుల్ల ఎత్తున నిలబెట్టి, గోడ మధ్య వరస బంతులకి అలాగే రెండు పుల్లలు. అయిదు పుల్లలు, రెండు బంతులు. మూడు మూలల గది. నెట్టి చూస్తే పునాది దగ్గరా పైనా ఆకారం చెక్కుచెదరలేదు.

"దీనికి గుడ్డ లేకపోయినా కింద వాలదు, మూడే ఉన్నాయిగా" అంది, తండ్రి నోటుపుస్తకంలోని త్రిభుజం బొమ్మ ఎప్పుడు చూసిందో మరి.

బాబు ఎలుగుబంటిని అందులో కూర్చోబెట్టాడు. తల పైకి తేలింది. వెంటనే బొమ్మని గోడకి ఆనించి, ఒక పుల్ల తెచ్చి పక్కన నిలబెట్టి కొలిచాడు. ఆ పుల్ల చివర బంతి లేదు. "టోపీ ఏదిరా?" అని అక్క అడిగింది. బంతులన్నీ అయిపోయాయి. వాడు ఒక్క క్షణం ఆలోచించి, పుల్ల చివరని పిడికిట్లో మూసుకుని, నడవకుండా కూర్చున్న చోటునుంచే కోట దాకా జరుగుతూ వెళ్లాడు.